అలారం యాప్‌లో స్నూజ్ పెట్టాలి: రేపటి అలారం చెడకుండా ఎట్లా?

అలిపిరి_కోడర్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఉంటాను. ఆండ్రాయిడ్‌కి కాట్లిన్ అనే కోడింగ్ భాషలో ఒక చిన్న అలారం యాప్ రాశాను. మొత్తం తెలుగులో, పెద్ద అంకెలతో, ప్రకటనలు లేకుండా. మా వీధి వాళ్ళ కోసం మొదలుపెట్టింది, ఇప్పుడు కొండ మీద తెల్లారుజాము డ్యూటీకి పోయేవాళ్ళు, పూల వ్యాపారులు, ఆటో అన్నలు వాడుతున్నారు. అందరూ అడిగేది ఒక్కటే, స్నూజ్ (అలారాన్ని కాసేపు ఆపి మళ్ళీ మోగించే బటన్) పెట్టమని. ఇప్పటిదాకా 'ఆపు' బటన్ ఒక్కటే ఉంది.

రాసి చూసింది ఇది: అలారం మోగేటప్పుడు స్నూజ్ నొక్కితే అదే పెండింగ్ ఇంటెంట్‌ని (టైము రాగానే ఈ పని చెయ్యి అని సిస్టమ్‌కి ఇచ్చే చీటీ) ఇప్పటి టైముకి 5 నిమిషాలు కలిపి మళ్ళీ షెడ్యూల్ చేస్తున్నా. 5 నిమిషాలకి సరిగ్గానే మోగుతుంది. కానీ రోజూ 4:00కి మోగాల్సింది మర్నాడు 4:05కి మోగుతోంది. ఆ రోజు కూడా స్నూజ్ చేస్తే ఎల్లుండి 4:10. రోజురోజుకీ జరిగిపోతోంది.

రెండు ప్రశ్నలు. దీన్ని సరిగ్గా కట్టే పద్ధతి ఏది? ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు ఇవ్వాలి? రెండోదానికి కోడింగ్ రానివాళ్ళు కూడా చెప్పండి, పొద్దున్నే దాన్ని నొక్కేది మీరే కదా.

చంద్రగిరి_డెవ్:
తమ్ముడూ, ఇందులో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి.

ఒకటి, పెండింగ్ ఇంటెంట్. రెండు ఇంటెంట్లు ఒకటేనా కాదా అని సిస్టమ్ చూసేటప్పుడు యాక్షన్, డేటా, టైప్, కాంపొనెంట్, కేటగిరీ లాంటివి చూస్తుంది. ఎక్స్‌ట్రాలు, అంటే దాంతో పాటు పంపే అదనపు సమాచారం, చూడదు. నువ్వు ఎక్స్‌ట్రాలో 'ఇది స్నూజ్' అని రాసి పంపినా దాని లెక్కలో రెండూ ఒకటే. రిక్వెస్ట్ కోడ్ (మనం ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా అదే అయితే పాత అలారాన్ని తీసేసి ఆ చోట్లో కొత్తది పెడుతుంది. స్నూజ్ నొక్కగానే రేపటి అలారం చెడేది అందుకే. స్నూజ్‌కి వేరే యాక్షన్ పేరు పెట్టు. ఆండ్రాయిడ్ 12 నుంచి దాన్ని తర్వాత మార్చకూడదో (ఇమ్యూటబుల్) మార్చొచ్చో (మ్యూటబుల్) ఫ్లాగ్ చెప్పి తీరాలి, నీకు ఇమ్యూటబుల్ చాలు.

రెండోది, నువ్వు రేపటి టైముని ఆఖరిసారి మోగిన టైము నుంచి లెక్కకడుతున్నట్టున్నావు. అట్ల చెయ్యొద్దు. అలారం అసలు గంట, నిమిషం, వారంలో ఏయే రోజులు అనేది ఒకచోట ఉండాలి. స్నూజ్ దాన్ని ముట్టుకోనే కూడదు. అలారం మోగడం మొదలైన క్షణంలోనే, యూజర్ ఏం నొక్కుతాడో చూడకుండా, అసలు గంటా నిమిషం తీసుకుని రేపటిది షెడ్యూల్ చేసెయ్. ఆ తర్వాత స్నూజ్ అనేది ఒక్కసారి మోగి పోయే వేరే అలారం. అప్పుడు స్నూజ్ కోడ్‌లో ఎంత పెద్ద బగ్ ఉన్నా రేపు 4 గంటల అలారానికి ఏమీ కాదు. మనిషి మన యాప్‌ని నమ్మి పడుకుంటున్నాడు. ఆ నమ్మకాన్ని కాపాడేది ఈ ఒక్క విషయమే.

ఇంకొకటి, షెడ్యూల్ చెయ్యడానికి ఏ ఫంక్షన్ వాడుతున్నావు?

అలిపిరి_కోడర్:
సెట్-ఎగ్జాక్ట్-అండ్-అలౌ-వైల్-ఐడిల్ అన్నా. డోజ్‌లో (ఫోన్ వాడకుండా పక్కన పెడితే బ్యాటరీ మిగల్చడానికి ఆండ్రాయిడ్ పోయే నిద్ర) కూడా మోగుతుందని చదివి పెట్టాను.

చంద్రగిరి_డెవ్:
మోగుతుంది, కానీ ఫోన్ డోజ్‌లో ఉంటే ఒక యాప్‌కి 9 నిమిషాలకి ఒక్కసారి కంటే ఎక్కువ ఇవ్వదు. ఆండ్రాయిడ్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. నీది 5 నిమిషాల స్నూజ్. జనం స్నూజ్ నొక్కి ఫోన్ పక్కన పెట్టేస్తారు, కదిలించరు. దీన్ని నమ్ముకుని స్నూజ్ కట్టకూడదు.

సెట్-అలారం-క్లాక్ వాడు. ఆండ్రాయిడ్ 5 నుంచి ఉంది, అలారం యాప్‌ల కోసమే పెట్టారు. ఆ టైముకి కాస్త ముందే సిస్టమ్ తనంతట తాను డోజ్ నుంచి బయటికొస్తుంది. పైన స్టేటస్ బార్‌లో గడియారం గుర్తు కూడా వస్తుంది. స్నూజ్ చేసినాయనకి ఒక కన్ను తెరిచి చూస్తే చాలు, ఇంకా మోగేది ఉందని తెలుస్తుంది.

పర్మిషన్ల సంగతి: ఆండ్రాయిడ్ 12లో ఎగ్జాక్ట్ అలారానికి, అంటే చెప్పిన టైముకి కచ్చితంగా మోగేదానికి, విడిగా పర్మిషన్ వచ్చింది. 14 నుంచి కొత్తగా వేసుకున్న యాప్‌లకి అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. నీది అలారం యాపే కాబట్టి ఆండ్రాయిడ్ 13లో తెచ్చిన యూజ్-ఎగ్జాక్ట్-అలారం పర్మిషన్ పెట్టుకో, యూజర్‌ని అడగాల్సిన పని ఉండదు. పాత 12 ఫోన్లకి మాత్రం పాతది కూడా ఉంచు.

ఎస్వీయూ_హాస్టల్:
నాకు కోడింగ్ తెలీదు గానీ నేను చెప్పేది వినండన్నా. లిమిట్ పెట్టొద్దు. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు స్నూజ్ ఉండాలి. నిమిషాలు కూడా మేమే పెట్టుకునేలా ఉండాలి. రాత్రి రెండింటిదాకా చదివి పడుకుంటాం, పొద్దున ఆరుకి పెట్టుకుంటాం, లేచేది ఏడుకి. ఆ గంటా మమ్మల్ని వదలకుండా లేపేది స్నూజే. మూడుసార్లకే ఆగిపోతే పరీక్ష పోతుంది.

నైట్‌డ్యూటీ_అక్క:
తమ్ముడూ, ఏడుకి లేచేవాడివి అలారం ఏడుకే పెట్టుకో. ఆ గంట కూడా సరిగ్గా నిద్రపోతావు.

నేను తిరుపతిలో నర్సుని. నైట్ డ్యూటీ దిగి పగలు పడుకుంటాం. సాయంత్రం ఆరుకి లేచి వంట చేసి మళ్ళీ డ్యూటీకి. లేచిన వెంటనే మెదడు పూర్తిగా పని చెయ్యదు, ఆ మత్తు మామూలుగా పావుగంట నుంచి అరగంట దాకా ఉంటుంది. స్లీప్ ఇనర్షియా అంటారు. ఆ మత్తులో ఉన్న మనిషి చేతికే మీరు ఈ బటన్ ఇస్తున్నారు. కళ్ళు తెరవకుండానే చెయ్యి పోయి నొక్కుతుంది, నొక్కినట్టు తర్వాత గుర్తు కూడా ఉండదు. మా వార్డులో అందరిదీ ఇదే మాట.

అందుకని నేను కోరేది ఇది. స్నూజ్ పెద్దగా, స్క్రీన్‌లో సగం ఉండాలి. ఆపేది మాత్రం వేలితో పక్కకి లాగితేనే ఆగాలి. పొరపాటున స్నూజ్ నొక్కితే ఐదు నిమిషాల్లో మళ్ళీ మోగుతుంది, నష్టం లేదు. పొరపాటున ఆపేస్తే డ్యూటీకి లేటు, నా తర్వాత రిలీవ్ అవ్వాల్సిన ఇంకో పిల్ల వార్డులోనే ఉండిపోతుంది. రెండు బటన్లూ ఒకే సైజులో పక్కపక్కన పెట్టే యాప్‌లు చూస్తే నాకు కోపం వస్తుంది.

ఎన్నిసార్లు అంటే, మూడు చాలు. ఇంకా కావాలన్నవాళ్ళు సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

అలిపిరి_కోడర్:
అక్కా, పెద్ద స్నూజ్, లాగితే ఆగడం రెండూ పెట్టేస్తున్నా. చాలా విలువైన మాట చెప్పారు.

పూతలపట్టు_పాలు:
నాకు ఈ యాప్ మా మేనల్లుడు వేసిచ్చినాడు. బాగుండాది. నాకు స్నూజ్ నిద్రకి కాదు అబ్బాయ్. మూడున్నరకే లేస్తా, దానికి అలారం కూడా అక్కర్లే. నాలుగున్నరకి పెట్టుకునేది పాలు కేంద్రానికి తీసకపోయే టైముకి. వ్యాను వచ్చి క్యాన్లు ఎత్తుకునే లోపల ఫ్యాటు చూపించి పోసెయ్యాల, లేకపోతే పూట పాలు ఇంట్లోనే మిగుల్తాయి.

అది మోగేటప్పటికి నేను కొట్టంలో ఉంటా. ఒక్కోరోజు ఆవు తొందరగా పాలు సేపదు, ఇంకా పిండతానే ఉంటా. ఫోను చొక్కా జేబులో. రెండు చేతులూ నురగ. తుడుచుకుని ఫోను తీసేలోపల ఆవు బెదిరి కాలు జాడిస్తాది. జేబు మీద నుంచి, గుడ్డ మీద నుంచే సౌండు బటన్ నొక్కితే ఐదు నిమిషాలు ఆగేట్టు చెయ్యి. అది చేస్తే మాలాంటోళ్ళకి పెద్ద మేలు.

ఇంకొకటి. నేను ముందు వాడిన ఫోన్లో బ్యాటరీ సేవింగ్ అని ఏందో ఉండాది, దాని వల్ల అలారం మోగకుండా పోయేది. ఇదీ అట్లనే చేస్తాదా?

చంద్రగిరి_డెవ్:
మామా, సౌండు బటన్ చెయ్యొచ్చు. అలారం స్క్రీన్ లాక్ మీద పూర్తిగా తెరుచుకుని ఉన్నంతసేపు వాల్యూమ్ కీ మన యాప్‌కే వస్తుంది. జేబులో ఉన్న ఫోన్‌కి ఇది సరిగ్గా సరిపోతుంది. ఫోన్ చేతిలో పెట్టుకుని వేరే ఏదైనా చూస్తుంటే అలారం పైన చిన్న పట్టీలా వస్తుంది, అప్పుడు ఆ కీ మనకి రాదు.

కోడర్ తమ్ముడికి: ఆ పూర్తి స్క్రీన్ రావాలంటే ఫుల్ స్క్రీన్ ఇంటెంట్ కావాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి వెనకాల ఉన్న యాప్ తనంతట తాను స్క్రీన్ తెరవడం కుదరదు, నోటిఫికేషన్ ద్వారానే రావాలి. 14 నుంచి ఈ పర్మిషన్ కాల్ యాప్‌లకీ అలారం యాప్‌లకీ మాత్రమే మామూలుగా ఇస్తున్నారు. 13 నుంచి నోటిఫికేషన్ పర్మిషన్ కూడా యూజర్ ఒప్పుకోవాలి. మొదటి అలారం పెట్టేటప్పుడే ఎందుకో తెలుగులో చెప్పి అడుగు. యాప్ తెరవగానే అడిగితే జనం 'వద్దు' నొక్కేస్తారు.

బ్యాటరీ సేవింగ్ గురించి: సెట్-అలారం-క్లాక్‌తో పెడితే ఆండ్రాయిడ్ సొంత డోజ్ అడ్డం రాదు. కానీ కొన్ని కంపెనీల ఫోన్లు తమ సొంత బ్యాటరీ మేనేజర్‌తో యాప్‌ని ఫోర్స్ స్టాప్ (బలవంతంగా ఆపెయ్యడం) చేసినట్టే చేస్తాయి. ఫోర్స్ స్టాప్ అయితే ఆ యాప్ పెట్టిన అలారాలన్నీ పోతాయి, మళ్ళీ యాప్ తెరిచేదాకా రావు. మామా, మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కి బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని పెట్టించుకోండి. మేనల్లుడికి చెబితే చేసిస్తాడు.

బస్టాండ్_లాడ్జి:
మేము తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జి నడుపుతాం. యాత్రికులకి స్నూజ్ అసలు వద్దని నా అభిప్రాయం. సర్వదర్శనం టోకెన్ల కోసం శ్రీనివాసం దగ్గరో విష్ణు నివాసం దగ్గరో తెల్లారకముందే క్యూలో నిలబడాలి. సుప్రభాత సేవ టికెట్ ఉన్నవాళ్ళయితే అర్ధరాత్రి దాటగానే తయారు కావాలి. ఐదు నిమిషాలు అనుకుని పడుకుని, తర్వాత కౌంటర్ దగ్గర పిల్లల్ని పెట్టుకుని ఏడ్చినవాళ్ళని చూశాం. ఎంతో దూరం నుంచి వస్తారు పాపం, మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు. అట్లాంటి అలారానికి స్నూజ్ తీసేసే వీలు ఉండాలి.

అలిపిరి_కోడర్:
సార్, ఒక్కో అలారానికి విడిగా 'స్నూజ్ ఉండాలా' అనే స్విచ్ పెడతాను. ఆఫ్ చేస్తే ఆ బటనే కనబడదు. రోజువారీ అలారానికి స్నూజ్ ఉంటుంది, రేపటి ఒక్క రోజు అలారానికి తీసెయ్యొచ్చు.

ఎస్వీయూ_హాస్టల్:
ఇది ఓకే. కానీ నా అన్‌లిమిటెడ్ సంగతి మర్చిపోవద్దు. అవునూ, ఐఫోన్లో మామూలుగా 9 నిమిషాలు ఉంటుంది కదా, అదెందుకు? పది పెట్టొచ్చు కదా?

గ్రీమ్స్‌పేట_ఐఓఎస్:
పాత మెకానికల్ గడియారాల నుంచి వచ్చిన అలవాటు తమ్ముడూ. 1956లో జనరల్ ఎలక్ట్రిక్ టెలిక్రాన్ వాళ్ళు 'స్నూజ్-అలారం' అనే గడియారం తెచ్చారు. ఆ కాలం గడియారాల్లో స్నూజ్ అంటే లోపల పళ్ళచక్రాల పని, దాంతో సరిగ్గా పది నిమిషాలు కాకుండా తొమ్మిది చిల్లర స్థిరపడిందని చెబుతారు. మన ఫోన్లో పళ్ళచక్రాలు లేవు. ఎంతైనా పెట్టుకోవచ్చు.

కోడర్‌కి ఒక మాట. రేపు ఐఫోన్‌కి కూడా చేద్దామనుకుంటే ఇదే కోడ్ ఆలోచన పని చెయ్యదు. చాలాకాలం మామూలు యాప్‌లకి అక్కడ లోకల్ నోటిఫికేషన్లే (టైముకి యాప్ ఫోన్లోనే చూపించే చిన్న మెసేజ్‌లు) దిక్కు, అవి కూడా ఒక యాప్‌కి 64 మాత్రమే క్యూలో ఉంచుతుంది. సైలెంట్ స్విచ్ వేసి ఉంటే శబ్దం రాదు. 2025లో ఐఓఎస్ 26తో యాప్‌లు రాసేవాళ్ళకి అలారంకిట్ అనే సాధనం వచ్చాకే సైలెంట్‌నీ ఫోకస్‌నీ (నోటిఫికేషన్లు ఆపే సెట్టింగ్) దాటి మోగే నిజమైన అలారం, దానితో పాటు స్నూజ్ లాంటిదీ మనం రాయగలుగుతున్నాం. పాత ఐఫోన్ల వాళ్ళకి మాట ఇవ్వొద్దు.

కాణిపాకం_టెస్టర్:
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. నేను టెస్టింగ్‌లో పని చేస్తాను. స్నూజ్‌లో బగ్‌లు దాదాపు అన్నీ స్నూజ్ నడుస్తున్న ఆ ఐదు నిమిషాల్లోనే దాక్కుని ఉంటాయి. నువ్వు చూడాల్సినవి రాస్తున్నా, జవాబు చెప్పు కోడర్.

స్నూజ్ నొక్కాక ఫోన్ రీస్టార్ట్ అయితే? రీబూట్‌కి అలారాలన్నీ చెరిగిపోతాయి. అప్‌డేట్ కోసం రాత్రిపూట తనంతట రీస్టార్ట్ అయ్యే ఫోన్లు ఉన్నాయి. ఫోన్ ఆన్ అయిందని సిస్టమ్ పంపే బూట్ కంప్లీటెడ్ మెసేజ్ విని మళ్ళీ పెడుతున్నావనుకుందాం, కానీ పిన్ లాక్ ఉన్న ఫోన్లో యూజర్ పిన్ కొట్టేదాకా ఆ మెసేజ్ రాదు. యూజర్ నిద్రలో ఉన్నాడు, ఎవరు కొడతారు?

నాలుగింటి అలారాన్ని స్నూజ్ చేసి, అదే ఐదు నిమిషాల్లో యాప్ తెరిచి ఆ అలారాన్ని ఐదింటికి మార్చితే? లేదా డిలీట్ చేస్తే? స్నూజ్ ఒంటరిగా మిగిలి 4:05కి మోగుతుందా?

4:00కి ఒకటి, 4:05కి ఇంకొకటి పెట్టుకునేవాళ్ళు మన ఊళ్ళో ఎంతమందో. మొదటిదాన్ని 5 నిమిషాలు స్నూజ్ చేస్తే రెండూ ఒకేసారి మోగుతాయి. అప్పుడు?

మా వైపు కువైట్ పోయేవాళ్ళు ఎక్కువ. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. విమానం దిగి ఫోన్ టైమ్ జోన్ మారాక రోజూ 4 గంటల అలారం ఏ 4 గంటలకి మోగాలి? స్నూజ్ ఏమవ్వాలి?

కాల్‌లో ఉండగా స్నూజ్ టైము వస్తే చెవిలో అలారం ఫుల్ సౌండుతో రాకూడదు. మోగుతోంది, ఎవరూ ఏమీ నొక్కలేదు. ఎంతసేపు మోగి ఏమవుతుంది?

అలిపిరి_కోడర్:
టెస్టర్ గారూ, వీటిలో సగం నా ఆలోచనలోకి రాలేదు. రీబూట్ దానికి మాత్రం నాకు దారి తెలీదు.

చంద్రగిరి_డెవ్:
రీబూట్‌కి నేను చెబుతా, దాని మీద సరిగ్గా రాసినవాళ్ళు తక్కువ. ఆండ్రాయిడ్ 7 నుంచి డైరెక్ట్ బూట్ ఉంది. పిన్ కొట్టకముందే లాక్డ్ బూట్ కంప్లీటెడ్ అని ఇంకో మెసేజ్ వస్తుంది. మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు రాసే ఫైల్) నీ మెసేజ్ వినే రిసీవర్, మోగించే సర్వీస్, స్క్రీన్ అన్నిటికీ 'డైరెక్ట్ బూట్ అవేర్' అని పెట్టాలి. అప్పుడు నీకు మామూలు స్టోరేజ్ చేతికి రాదు, డివైస్ ప్రొటెక్టెడ్ స్టోరేజ్ మాత్రమే తెరుచుకుంటుంది. కాబట్టి అలారం టైములూ, నడుస్తున్న స్నూజ్ ఎప్పుడు మోగాలో ఆ టైమూ అక్కడే దాచు.

దీంట్లో ఇంకో మెలిక. యూజర్ తనకి ఇష్టమైన పాటని టోన్‌గా పెట్టుకుని ఉంటాడు. ఆ ఫైల్ కూడా పిన్ కొట్టేదాకా తెరుచుకోదు. ప్లేయర్ ఎర్రర్ ఇచ్చి నిశ్శబ్దంగా ఉండిపోతుంది. యాప్ లోపలే ఒక టోన్ పెట్టుకో, ఎంచుకున్నది తెరుచుకోకపోతే వెంటనే అది మోగాలి. ఆడియోకి యూసేజ్ అలారం అని పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే మీడియా సౌండ్ తగ్గించి పడుకున్నవాడికి వినబడదు.

కువైట్ సంగతి: రోజువారీ అలారం అంటే గోడ గడియారం టైము. ఎక్కడుంటే అక్కడి 4 గంటలు. టైమ్ జోన్ మారిందనే మెసేజ్ విని అన్నీ మళ్ళీ లెక్కకట్టు. స్నూజ్ మాత్రం నొక్కినప్పటి నుంచి 5 నిమిషాలు, జోన్‌తో దానికి పనిలేదు, అలాగే వదిలెయ్. యూజర్ చేత్తో గడియారం ముందుకో వెనక్కో తిప్పితే మాత్రం దాన్నీ సరిచెయ్యాలి.

కాణిపాకం_టెస్టర్:
రెండు అలారాలు ఢీకొంటే నా అభిప్రాయం: ఒకే స్క్రీన్‌లో రెండు పేర్లూ చూపించి ఒకే మోత. స్నూజ్ చేస్తే కలిపి స్నూజ్. ఒకదాని మీద ఒకటి రెండు టోన్లు మోగితే ఇంట్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

చంద్రగిరి_డెవ్:
కలిపి స్నూజ్ అంటే ఒప్పుకోను. మామకి 4:30 పాలది, ఇంట్లోవాళ్ళకి 4:35 మందులది అయితే రెండూ వేరు. మోత ఒకటే ఉండనీ, కానీ పాత స్నూజ్‌ని అక్కడితో ముగించి కొత్త అలారానికి పూర్తి లెక్క ఇవ్వాలి. దాని మూడు స్నూజ్‌లు దానికి ఉండాలి.

నైట్‌డ్యూటీ_అక్క:
మందుల అలారం అయితే డెవ్ గారు చెప్పిందే సరి. మందుల పేరు స్క్రీన్ మీద కనబడి తీరాలి, వేరే అలారం కింద పడి పోకూడదు.

కాణిపాకం_టెస్టర్:
అవును, మందుల కేసు బలమైనది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

అలిపిరి_కోడర్:
రెండు రోజులు కూర్చుని చేశాను. ఇప్పుడు ఇలా ఉంది.

మోగడం మొదలవగానే రేపటిది పెట్టేస్తుంది. స్నూజ్ వేరే యాక్షన్, సెట్-అలారం-క్లాక్‌తోనే. నొక్కగానే నోటిఫికేషన్‌లో '4:05కి మళ్ళీ మోగుతుంది' అని టైము చూపిస్తుంది, పక్కన 'ఇక వద్దు' బటన్. మత్తులో ఉన్నవాళ్ళకి 'ఇంకో 5 నిమిషాలు' అని కూడికలు పెట్టడం కంటే గడియారంలో ఉండే అంకే చూపించడం మేలనిపించింది. మామూలుగా 5 నిమిషాలు, 3 సార్లు. హాస్టల్ తమ్ముడి కోసం సెట్టింగ్స్‌లో 'ఎన్నిసార్లయినా' ఉంది. ఆఖరి స్నూజ్ అయ్యాక ఆ బటన్ మాయమై ఆపడానికి లాగే గీత ఒక్కటే మిగులుతుంది.

ఎవరూ ఏమీ నొక్కకపోతే 10 నిమిషాలు మోగి, దాన్ని ఆపినట్టు కాకుండా స్నూజ్ అయినట్టే లెక్కేస్తుంది. మూడూ అయిపోయినా ఎవరూ ముట్టుకోకపోతే 'అలారం తప్పిపోయింది' అని టైముతో సహా రాసి ఉంచుతుంది. అలారాన్ని మార్చినా తీసేసినా దాని స్నూజ్ కూడా రద్దు. కాల్‌లో ఉంటే వైబ్రేషన్ మాత్రమే. పాలమామ అడిగిన సౌండు బటన్ సెట్టింగ్స్‌లో ఉంది, మొదట ఆఫ్‌లో ఉంటుంది. స్టోరేజ్ అంతా డివైస్ ప్రొటెక్టెడ్‌కి మార్చాను. టెస్ట్ బిల్డ్ (పరీక్షించి చూసే యాప్ కాపీ) అడిగినవాళ్ళకి పంపాను.

పూతలపట్టు_పాలు:
పొద్దున చూసినా అబ్బాయ్. ఇంకా పిండతానే ఉండా, జేబులో మోగింది. చొక్కా మీద నుంచి అట్ల వత్తినా, ఆగిపోయింది. ఆవు కదల్లేదు. మళ్ళీ మోగేటప్పటికి క్యాను మూత పెడతా ఉండా. బాగుండాది. కానీ సౌండు బటన్ నొక్కినప్పుడు ఆగిందా, స్నూజ్ అయిందా అని జేబులో ఉంటే తెలీలేదు. ఏమన్నా గుర్తు ఉంటే బాగుంటాది.

అలిపిరి_కోడర్:
మామా, నొక్కగానే రెండుసార్లు చిన్నగా వైబ్రేట్ అయ్యేట్టు పెడతా. ఆపితే ఒక్కటే పొడుగ్గా. సాయంత్రానికి కొత్త బిల్డ్ పంపుతా.

నైట్‌డ్యూటీ_అక్క:
ఆ రెండు వైబ్రేషన్లు అందరికీ పెట్టు, సౌండు బటన్ వాడేవాళ్ళకే కాదు. పక్కన పడుకున్నవాళ్ళ నిద్ర చెడకుండా నాకూ తెలుస్తుంది.

ఎస్వీయూ_హాస్టల్:
'ఎన్నిసార్లయినా' పెట్టినందుకు థ్యాంక్స్ అన్నా. మా రూమ్‌లో అందరికీ వేయించా.

కాణిపాకం_టెస్టర్:
కోడర్, రీబూట్ టెస్ట్ నా దగ్గరున్న పాత ఆండ్రాయిడ్ 8 ఫోన్లో ఈ రాత్రి చేస్తా: పిన్ పెట్టి, పాట టోన్‌గా పెట్టి, స్నూజ్ నొక్కి, వెంటనే రీస్టార్ట్. రెండు అలారాలు ఢీకొనేది కూడా చూసి రేపు ఇక్కడే రాస్తా. అంతవరకు ప్లే స్టోర్‌లో పెట్టొద్దు.

అలిపిరి_కోడర్:
సరే అండీ, మీ మాట వచ్చాకే పెడతాను.